తలుపు సందులో గురి

మా అన్నయ్య బరంపురం నుండి ఫోను చేసి, "తమ్ముడూ, నువ్వు ఆ తుపాకీల ఆట ఆడాలిరా" అన్నప్పుడు నేను హోసూరులో మా మేడమీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. సరిగా వినలేదేమోనని మళ్ళీ అడిగాను. విన్నది నిజమే. పిల్లవాడి చేత ఆట మాన్పించమని కాదు, నన్నే ఆడమని!

సంగతి ఇదీ. అన్నయ్య కొడుకు ప్లస్ టూ అయ్యాక ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష వ్రాశాడు. ర్యాంకు రాలేదు. ఏడాదిపాటు కోచింగుకు వెళ్ళి మళ్ళీ వ్రాశాడు. రెండోసారీ అంతే. ఆ తరువాత ఇంట్లో మాటలు మానేశాడు. పెట్టింది తింటాడు, పిలిస్తే పలుకుతాడు, అంతకు మించి లేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి గది తలుపు వేసుకుంటే మాత్రం లోపలి నుండి నవ్వులూ కేకలూ వినిపిస్తాయట. "మాతో మాటాడ్డు గానీ ఆ పెట్టెతో మాటాడతాడు. నెట్టు తీయించేద్దామంటే మీ వదిన వద్దంటోంది. ఏటి సెయ్యాలో తెలీడం లేదు. నువ్వు లోపలికెళ్ళి వాడేటి మాటాడుతున్నాడో విను" అన్నాడు అన్నయ్య.

నేను వెంటనే సరేననడానికి అన్నయ్య మీది గౌరవం ఎంత కారణమో నా అహంకారమూ అంతే కారణమని ఒప్పుకోవాలి. 2003లో బెంగుళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో శనివారం రాత్రి వస్తే చాలు, నలుగురం కలిసి బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళి తెల్లవారే దాకా 'కౌంటర్ స్ట్రైక్' ఆడేవాళ్ళం. అందులో ఆకుపచ్చ రంగు పొడుగాటి తుపాకీ ఒకటుంది. అది నా చేతిలో ఉంటే ఎదురుగా రావడానికి అందరూ జంకేవారని నా జ్ఞాపకం. ఆ నలుగురూ ఇప్పుడు నాలుగు దేశాల్లో ఉన్నారు కనుక ఈ జ్ఞాపకానికి సాక్షులు లేరు.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇది 1999లో 'హాఫ్ లైఫ్' అనే మరో ఆటకు ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా చేసిన మార్పుగా మొదలైంది. తరువాత వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని తీసుకుంది. ఇప్పుడు పిల్లలు ఆడుతున్నది 2023 సెప్టెంబరులో వచ్చిన 'కౌంటర్ స్ట్రైక్ 2'. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక పక్షం బాంబు పెట్టాలి, రెండో పక్షం కాపలా కాయాలి. ఒక్కో రౌండు నిమిషం యాభై అయిదు సెకన్లు. పన్నెండు రౌండ్ల తరువాత పక్షాలు మారతాయి. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్ళది ఆట. రౌండులో చచ్చిపోయినవాడు తరువాతి రౌండు దాకా చూస్తూ కూర్చోవలసిందే. కబడ్డీ వచ్చినవారికి ఇది పట్టుబడటం కష్టం కాదు.

మా జట్టులో ఐదో స్థానం అప్పుడే ఖాళీ అయింది. మిగిలిన నలుగురూ మన ఇంటి పిల్లలే: బరంపురంలో అన్నయ్య కొడుకు, షోలాపూరులో మా పెద్దక్క కొడుకు, యానాంలో మా వదిన తమ్ముడి కొడుకు, నా కూతురు. అందరూ పద్దెనిమిది దాటినవాళ్ళే. నా కూతురు పక్కగదిలో కూర్చుని వీళ్ళతో రోజూ ఆడుతోందన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. "నువ్వెప్పుడూ అడగలేదు కదా నాన్నా" అంది.

మొదటిరాత్రి నేను ఆ ఆకుపచ్చ తుపాకీ కొన్నాను. దాని పేరు ఏడబ్ల్యూపీ, పిల్లల నోట 'ఆప్'. ఆర్కిటిక్ వార్ఫేర్ అనే నిజమైన బ్రిటిష్ తుపాకీ పేరు నుండి వచ్చింది. నడుము నుండి పైకి ఎక్కడ తగిలినా ఒక్క తూటాతో మనిషి పడిపోతాడు, కాళ్ళకు తగిలితే మాత్రం బ్రతుకుతాడు. అంత బలమున్నందుకు దానికి శిక్షలూ ఉన్నాయి. ఒకసారి పేల్చాక మళ్ళీ పేలడానికి దాదాపు సెకనున్నర పడుతుంది. తుపాకీలో ఐదే తూటాలు. 2022 నవంబరు దాకా పది ఉండేవి, సగానికి తగ్గించారు. స్కోపులోంచి చూస్తూ నడిస్తే నత్తనడక. ఇవేవీ నాకు పట్టలేదు. ఇరవై యేళ్ళ క్రితంలాగే పరిగెత్తుతూ స్కోపు తెరిచాను, పేల్చాను, చచ్చాను. ఆ రాత్రి ఇరవై మూడు సార్లు చచ్చి, ముగ్గురిని చంపాను. అందులో ఒకడు అప్పటికే పారిపోతున్నాడు.

ఆట అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. అదే బాధ. చివరికి మావాడు, మూడు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడని పిల్లవాడు, "బాబాయ్, రేపు ఎనిమిదిన్నరకి ఒక్కడివే రా. నీకు మొదట్నుంచి చెప్పాలి" అన్నాడు.

మర్నాడు పాఠం మొదలైంది. ముందు మౌసు ఎంత జరిపితే ఆటలో నేను ఒక చుట్టు తిరుగుతానో స్కేలు పెట్టి కొలవమన్నాడు. తొమ్మిది సెంటీమీటర్లు. "అందుకే నీ చెయ్యి వణికితే గురి గోడ దాటి పోతోంది. నలభై అయిదు చెయ్యి" అన్నాడు. అంత వేగం తగ్గించేసరికి, మణికట్టుతో తిప్పే పని మోచేతితో తిప్పవలసి వచ్చింది. అందుకు తగ్గ చోటు బల్లమీద లేదు. భోజనాల బల్లమీది రెక్సిన్ షీటు ముక్క కోసి పరుచుకున్నాను. దాన్ని గూర్చి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ వ్రాయను.

రెండో పాఠం, ఆగడం. ఈ తుపాకీతో కదులుతూ పేలిస్తే తూటా గురిపెట్టిన చోటికి పోనేపోదు. ఇది ఆటలో కావాలని పెట్టిన నియమం. మనం నడక మీట వదిలేసినా మనిషి వెంటనే ఆగడు, సైకిలు బ్రేకు వేశాక జారినట్టు కాస్త జారతాడు. అందుకని ఎడమకు పోతున్నప్పుడు కుడి మీటను ఒక్క క్షణం తాకాలి, అప్పుడు టక్కున ఆగుతాడు. ఆగాక పేల్చాలి. చెబితే ఇంతే. చేతికి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆటలోనే బొమ్మ మనుషులను పెట్టుకుని ఒంటరిగా సాధన చేసే వీలుంది. రోజూ ఆఫీసు నుండి వచ్చి కాఫీ తాగి, ఇరవై నిమిషాలు కదలడం, ఆగడం, పేల్చడం. చిన్నప్పుడు మా నాన్నగారు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు మావాడు ఎన్ని తగిలాయో సాయంత్రం అడిగేవాడు. తప్పు లెక్క చెబితే పట్టేసేవాడు.

ఈ మూడు వారాలలోనే నాకొక సంగతి అర్థమైంది. స్నైపరంటే చురుకైన చెయ్యి అనుకున్నాను. అసలు పని చేతిది కాదు. ఎక్కడ నిలబడాలి, ఎక్కడ చూడాలి, ఎప్పుడు లేచి పోవాలి అన్నవి ముందే తేల్చుకున్నవాడికి చెయ్యి చేయవలసింది మిగిలేది బహు తక్కువ.

ఎక్కడ చూడాలన్నది చెప్పడానికి వాడు నన్ను 'డస్ట్ 2' అనే మ్యాపులోకి తీసుకెళ్ళాడు. 2001లో వచ్చిన మ్యాపు. ఎడారి ఊరు, మట్టిగోడలు, సందులు. నేను బెంగుళూరులో ఆడినదీ ఇదే. దాని నడిమి సందు చివర ఒక జత చెక్క తలుపులున్నాయి. ఆ తలుపులు పూర్తిగా మూసి ఉండవు. బాంబు పక్షం వాడు పై నుండి ఆ సందులోంచి చూస్తే, కాపలా పక్షం వాళ్ళు తలుపుల వెనక అడ్డంగా పరిగెత్తడం రెప్పపాటు కనిపిస్తుంది. ఆ రెప్పపాటులో కొట్టాలి. నేను వాళ్ళు కనిపించాక పేల్చేవాణ్ణి. తూటా ప్రతిసారీ వెనకాల గోడకు తగిలేది.

"కనిపించిన చోట గురి పెడుతున్నావు. కనిపించాక వాడుండే చోట పెట్టాలి" అన్నాడు. నాకు బోధపడలేదు. అప్పుడు కాగితం తీసుకోమన్నాడు. "ఏకే తుపాకీ పట్టుకుని పరిగెత్తేవాడి వేగం సెకనుకి 215 యూనిట్లు. మనిషి వెడల్పు 32 యూనిట్లు. నీ కన్ను చూసి వేలు నొక్కడానికి... నాకైతే ఐదోవంతు సెకను. నీకు పావు వేసుకుందాం, బాబాయ్. ఏమీ అనుకోకు. పావు సెకన్లో వాడెంత జరుగుతాడు?"

యాభై నాలుగు యూనిట్లు. అంటే మనిషిన్నర వెడల్పు కన్నా ఎక్కువే. మనిషి ఏ మూల నుండి వస్తాడని నేను కళ్ళార్పకుండా ఆ మూలనే చూస్తున్నానో, నేను మీట నొక్కేసరికి వాడు ఆ మూలలో లేనే లేడు. గోడ అంచుకు మనిషిన్నర దూరం వదిలి, ఖాళీగా ఉన్న చోట గురి పెట్టి ఉంచాలి. ఏమీ లేని చోట చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. కన్ను అంచు వైపుకే లాగుతుంది.

"మరి వాడు పరిగెత్తకుండా మెల్లిగా నడిచి వస్తే?" అని అడిగాను. అలా వస్తే వేగం దాదాపు సగమవుతుంది, కాబట్టి గురి అంచుకు దగ్గరగా ఉండాలి. పరిగెత్తి వస్తాడా, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడా అని ముందు రౌండ్లను బట్టి ఊహించాలి. పైగా తెలివైనవాళ్ళు మరొకటి చేస్తారు. భుజం ఒక్కటీ బయటపెట్టి వెనక్కి లాగేస్తారు. మనం ఆశపడి పేల్చామా, ఆ సెకనున్నరలో దర్జాగా బయటికి వచ్చి కాల్చేస్తారు. చేపకు ఎర వేసినట్టే. ఎన్నిసార్లు ఆ ఎర మింగానో లెక్క మావాడి దగ్గరుంది.

నిలబడే చోటు సంగతి. మలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడితే భద్రమనిపిస్తుంది, కానీ అది భ్రమ. మలుపుకు ఎవరు ఎక్కువ దూరంలో ఉంటే వారికి ఎదుటివాడి భుజం ముందు కనిపిస్తుంది. వీధి మలుపులో గోడకు రాసుకుంటూ నడిచేవాడు సైకిలు వాడిని చూడకపోయినా, వీధి మధ్య నుండి వచ్చే సైకిలు వాడు వీడిని చూస్తాడు కదా, అలాగే. అందుకే స్నైపరు వెనక్కి జరిగి నిలబడాలి. అయినా కదలకుండా నిలబడ్డవాడికి ఒక నష్టం తప్పదు. ఈ ఆట సర్వర్లు మన దేశంలో చెన్నైలోనూ ముంబయిలోనూ ఉన్నాయి. ఎదుటివాడు మలుపు దాటిన వార్త వాడి కంప్యూటరు నుండి అక్కడికి వెళ్ళి నా కంప్యూటరుకు వచ్చేలోగా, వాడు నన్ను ముందే చూసేస్తాడు. తేడా సెకనులో ఏ పదోవంతో, ఇంకా తక్కువో. కానీ ఈ ఆటలో ప్రాణం పోయేది ఆ తేడాలోనే.

కాబట్టి మూడో పాఠం, వదిలి పోవడం. తగిలినా తగలకపోయినా ఒక చోటి నుండి ఒక్కటే తూటా. పేల్చగానే కత్తి చేతికి తీసుకోవాలి. ఆప్ పట్టుకుంటే వేగం 200, కత్తి పట్టుకుంటే 250. పరిగెత్తి మరో చోటికి పోవాలి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. తగిలితే, మరొకడు వస్తాడని అక్కడే ఉండాలనిపించేది. తగలకపోతే, ఈసారి తప్పక తగులుతుందని అక్కడే ఉండాలనిపించేది. ఆడిన ఆటను దించుకుని మళ్ళీ చూసే వీలు ఇందులో ఉంది. మావాడు ఒక ఆదివారం కూర్చుని నా చావులకు పట్టిక వేసి పంపాడు. పందొమ్మిది చావుల్లో పదమూడు, పేల్చిన చోటే నిలబడినందుకు. చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

డబ్బు లెక్కలు మాత్రం నాకు చెప్పక్కర్లేకపోయింది, పాతికేళ్ళుగా నా ఉద్యోగమే అది. మొదటి రౌండులో తలకు 800 డాలర్లు, అంటే ఆటలోని డాలర్లు. ఆప్ ఖరీదు 4,750. ఏకే 2,700. ఏకేతో ఒకడిని చంపితే 300 వస్తే ఆప్‌తో చంపితే వందే. ఓడిన జట్టుకు ఓదార్పుగా 1,400 ఇస్తారు, వరసగా ఓడుతుంటే అది 3,400 దాకా పెరుగుతుంది. అందుచేత రౌండు ఎలాగూ పోతోందని తేలినప్పుడు వీరుడిలా ఎదురువెళ్ళి తుపాకీ పోగొట్టుకోవడం కన్నా, మూల దాక్కుని దాన్ని తరువాతి రౌండుకు దాచుకోవడం మేలు. నేను చస్తే ఆ తుపాకీ శత్రువు చేతికి పోతుంది. జట్టులో బాగా కొట్టగలిగినవాడి దగ్గర డబ్బు లేకపోతే మనం కొని వాడికి ఇవ్వడం కూడా ఆటలో భాగమే. ఈ లెక్క చూసే బాధ్యత పిల్లలు నాకు అప్పగించారు. నా పదవి గౌరవప్రదమైనదని మా అమ్మాయి అంటుంది, కాస్త నవ్వుతూనే.

ఇక్కడొక నిజమైన డబ్బు సంగతి. తుపాకీలకు రంగులు అమ్మే పెట్టెలు ఇందులో ఉన్నాయి. తాళంచెవి కొని తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. ఇది లాటరీయే. మా జట్టులో ఎవరూ ఒక్క పెట్టె తెరవకూడదని మొదటివారమే ఒప్పందం చేసుకున్నాం. మీ ఇళ్ళలో పిల్లలు ఆడుతుంటే ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోండి.

నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది వీటన్నిటికన్నా వీళ్ళ భాష. శత్రువు ఎక్కడున్నాడో ఒక్క మాటలో చెప్పగలగాలి. లోకమంతా ఇంగ్లీషు పేర్లు వాడుతుంది. మా పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు వాడుతున్నారు. నలుగురిలో ముగ్గురికి తెలుగు చదవడం రాదు. ఒకడు ఒడియాలో, ఒకడు మరాఠీలో, మా అమ్మాయి తమిళంలో చదువుకున్నారు. అయినా ఆ ఎడారి ఊళ్ళో ఎత్తుగా ఉన్న బాంబు చోటు వీళ్ళకు 'అరుగు'. దానికి పోయే సన్నటి దారి యానాం వాడి మాటలో 'గట్టు'. పొడవాటి దారి 'వీధి'. చీకటి సొరంగం షోలాపూరు వాడికి 'గల్లీ'. "అరుగు మీద ఒకడు, గట్టు మీంచి ఇద్దరు!" అని కేకలు వినిపిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎవరింట్లో పెళ్ళి అని అడిగింది. ఒక్కచోట మాత్రం పేచీ వచ్చింది. వీధి పక్కన ఒక పల్లం ఉంది. మా అమ్మాయి "గుంటలో ఉన్నాడు" అంది. మా బరంపురం వైపు గుంట అంటే ఆడపిల్ల కదా, మావాడు "ఏ గుంటే?" అని వెనక్కి తిరిగి చూసి చచ్చాడు. ఆ రాత్రి నుండి అది 'గొయ్యి' అయింది.

ఈ ఆటలో పేరుపడ్డ ఆప్ ఆటగాళ్ళ ఆటలు కూడా మావాడు నాకు చూపించాడు. ఉక్రెయిన్ దేశపు ఒలెక్సాండర్ కోస్టిలియెవ్ 2021లో స్టాక్‌హోమ్ మేజరు పోటీలో ఆడినవి, ఫ్రాన్సుకు చెందిన మథ్యూ ఎర్బో 2023లో పారిస్ మేజరులో ఆడినవి. నేను వాళ్ళు కొట్టేది చూస్తున్నాను. "కొట్టేది చూడకు బాబాయ్, కొట్టాక ఎక్కడికి పోతున్నాడో చూడు" అన్నాడు.

మూడో నెలలో ఒక రాత్రి జరిగినది చెబుతాను. కాపలా వంతు మాది. నా చేతిలో ఆప్. నేను అరుగు వెనక నుండి వీధి చివర తలుపుల పక్కన ఖాళీలో గురి పెట్టి కూర్చున్నాను. మావాడు నా పక్కనే. మిగతా ముగ్గురూ పడిపోయారు, వాళ్ళకు మా మాటలు వినిపిస్తూనే ఉంటాయి. శత్రువులు ఇద్దరు మిగిలారు, అలికిడి లేదు. ఇంకా నిమిషం ఉంది.

"బాబాయ్" అన్నాడు.

"ఊఁ."

"రెండోసారి పరీక్షలో ఆఖరి గంట నేనేమీ రాయలేదు."

నేను తలుపుల వైపే చూస్తున్నాను.

"ఒక లెక్క దగ్గర ఆగిపోయా. వచ్చిన లెక్కే. వదిలేసి ముందుకెళ్ళాలని తెలుసు. వెళ్ళలేకపోయా. తెర చూస్తూ కూర్చున్నా, అంతే. టైమైపోయింది. నాన్నకి ర్యాంకు రాలేదనే తెలుసు. ఇది తెలీదు."

ఏమనాలో నాకు తోచలేదు. అప్పుడే తలుపు పక్కన ఒకడు కదిలాడు. నేను పేల్చాను. గోడకు తగిలింది. వాడు నన్ను కొట్టాడు, మరుక్షణం రెండోవాడు మావాడిని కొట్టాడు. రౌండు పోయింది. కొద్దిసేపు ఎవరి మైకులోంచీ ఊపిరి కూడా వినిపించలేదు. నా కూతురి గదిలో కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం గోడలోంచి వినిపించింది. తరువాత యానాం పిల్లవాడు, "బావా, వచ్చే రౌండు మావయ్యకి మాత్రం ఆప్ కొనొద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. మావాడే ముందు నవ్వాడు.

అన్నయ్యకు ఫోను చేశాను గాని ఆ మాట చెప్పలేదు. అది నేను చెప్పవలసినది కాదు. "నెట్టు తీయించకు. వాడు మాట్లాడుతున్నాడు, బాగానే మాట్లాడుతున్నాడు. నువ్వు వెళ్ళి వెనక నిలబడి చూడు. ఏమీ అడగకు, ఆట గురించి అడుగు" అన్నాను. అన్నయ్యకు కోపం వచ్చింది. నిన్ను పంపించింది ఇందుకా అన్నాడు. నిజానికి నాకూ ధైర్యం లేదు. నా మాట తప్పైతే పిల్లవాడి మరో యేడు పోతుంది.

దసరాకు బరంపురం వెళ్ళాను. అన్నయ్యది పట్టుచీరల దుకాణం, గుడ్డ కొలిచే చెయ్యి. ఆ సాయంత్రం పిల్లవాడి కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. పావుగంట ఏమీ అనలేదు. తరువాత, "ఆ తలుపు మీద పెట్టకుండా పక్కన ఖాళీలో పెట్టావేటిరా?" అన్నాడు. మావాడు వెనక్కి తిరిగి చూశాడు. కాగితం తీసుకుని 215, 32, పావు సెకను, అన్నీ వేసి చూపించాడు. అన్నయ్య కళ్ళద్దాలు సవరించుకుని ఆ కాగితం చూసి, "మరి వాడు నడిచొస్తే?" అన్నాడు.

మావాడు నా వైపు చూసి నవ్వాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక తండ్రీ కొడుకులు మేడమీదికి వెళ్ళారు. చాలాసేపటికి గానీ కిందికి రాలేదు. అన్నయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను అడగలేదు.

మావాడు మూడోసారి పరీక్ష వ్రాయనన్నాడు. బి.యస్సీలో చేరాడు, ఫిజిక్సు తీసుకున్నాడు. అన్నయ్యకు ఇంజనీరింగు దిగులు పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు ఫోనులో ఆ మాట ఎత్తుతాడు. ఆట ఇప్పుడు తొమ్మిది నుండి పదిన్నర వరకే, పరీక్షల వారాల్లో లేదు. ఈ గడువు పెట్టింది వదినే.

నా ఆప్ సంగతా? ముందుకన్నా మెరుగే. పోయిన ఆదివారం డస్ట్ 2లో తలుపు సందులోంచి రౌండు మొదట్లోనే ఒకడిని కొట్టాను. కొట్టి, కత్తి తీసి, చెప్పినట్టే పరిగెత్తాను. పరుగులో గొయ్యిలో పడ్డాను. అక్కడ ఇద్దరున్నారు. మా అమ్మాయి అరిచింది, "నాన్నా, గుంట!" అని. మేము 11-13తో ఓడిపోయాం.